కార్డు లేకుండా ఆన్‌లైన్‌లో కట్టాలంటే: వోచర్ ఎక్కడ మేలు, ఎక్కడ వద్దు

బ్యాంకు కార్డు లేనివాళ్లు, ఉన్నా దాని నంబరు నెట్‌లో ఇవ్వాలంటే భయపడేవాళ్లు అడిగేది ఒకటే: డబ్బు భద్రంగా కట్టేదెలా? ఎక్కువమంది చెప్పే జవాబూ ఒకటే: "గిఫ్ట్ కార్డు కొనేసి కోడ్ కొట్టెయ్, టెన్షన్ ఉండదు." ఇందులో సగం నిజముంది. వెయ్యి రూపాయల వోచర్ (ముందే డబ్బిచ్చి కొనే ఇలాంటి కార్డో, కోడో) కొంటే, ఏం జరిగినా పోయేది ఆ వెయ్యే. మీ ఖాతాలో ఉన్న మిగతా డబ్బు జోలికి దాని ద్వారా ఎవరూ రాలేరు.

మిగతా సగం చెప్పేవాళ్లు తక్కువ. వోచర్ కోడ్ చేతిలో ఉన్న నోటు లాంటిది. ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్లదే. ఒకసారి వాడేశాక "వాడింది నేను కాదు" అన్నా, "సరుకు రాలేదు" అన్నా దాన్ని వెనక్కి తెప్పించుకోవడం చాలా కష్టం. కార్డుతో కడితే ఆ లావాదేవీ మీద బ్యాంకుకు ఫిర్యాదు చేయొచ్చు. యూపీఐలో ఫిర్యాదు పెట్టే చోటు యాప్‌లోనే ఉంటుంది. వోచర్ వాడేశాక మీ తరఫున అడిగే బ్యాంకంటూ ఉండదు.

అందుకే నా సలహా మామూలుగా వినిపించేదానికి తలకిందులుగా ఉంటుంది. ముక్కూ మొహం తెలియని వెబ్‌సైటులో కొనేటప్పుడు వోచర్ వాడితే భద్రం అనుకుంటారు. నిజానికి అలాంటి చోట కావలసింది కార్డు నంబరు దాచుకోవడం ఒక్కటే కాదు, సరుకు చూశాక డబ్బు ఇచ్చే అవకాశం, లేదా తేడా వస్తే అడిగే దారి. ఆ రెండూ వోచర్‌లో లేవు. వోచర్ మీకు బాగా నమ్మకమున్న చోట, ఖర్చు ఒక హద్దు దాటకూడదనుకున్నప్పుడు వాడుకోవలసింది.

కార్డు లేదా, ఖాతాయే లేదా?

వోచర్ల గురించి చదివే ముందు మీ పరిస్థితి ఏమిటో ఒకసారి చూసుకోండి. చాలామందికి ఖాతా ఉంటుంది, కార్డు ఉండదు. జన్‌ధన్ ఖాతా పాస్‌బుక్ ఒక్కటే చేతిలో ఉంటుంది. లేదా ఎప్పుడో ఇచ్చిన ఏటీఎం కార్డు గడువు తీరిపోయి బీరువాలో పడి ఉంటుంది. ఒకప్పుడు యూపీఐ పిన్ పెట్టుకోవాలంటే డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ తప్పనిసరి. ఇప్పుడు ఆధార్ ఓటీపీతో కూడా పిన్ పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలియక వోచర్ల చుట్టూ తిరిగేవాళ్లు ఇంకా ఉన్నారు.

పని ఇలా జరుగుతుంది. యూపీఐ యాప్‌లో మీ బ్యాంకు పేరు ఎంచుకుంటే ఫోన్ నంబరును బట్టి ఖాతా కనబడుతుంది. పిన్ పెట్టుకునే దగ్గర డెబిట్ కార్డా, ఆధారా అని అడుగుతుంది. ఆధార్ ఎంచుకుని మొదటి ఆరు అంకెలు కొట్టాలి. వచ్చిన ఓటీపీలు ఎక్కిస్తే పిన్ పెట్టుకునే తెర వస్తుంది. దీనికి షరతు ఒకటి ఉంది: బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరూ, ఆధార్‌కు జోడించిన నంబరూ ఒకటే కావాలి. చాలామందికి పని ఆగేది ఇక్కడే. పాత సిమ్ పోయి, ఆధార్‌లో ఇంకా పాత నంబరే ఉండిపోతుంది. అలాగైతే ముందు ఆధార్‌లో నంబరు మార్పించుకోవాలి. మీ బ్యాంకు ఆధార్ పద్ధతిని ఇస్తోందో లేదో కూడా యాప్‌లోనే తెలిసిపోతుంది.

యూపీఐ అంటే ఖాతా మొత్తం పోతుందేమోనని భయపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. జీతమో, పంట డబ్బో పడే ఖాతాను యూపీఐకి కలపకండి. ఇంకో చిన్న పొదుపు ఖాతా తెరిచి, అందులో నెలకు కావలసినంతే ఉంచి, దాన్నే యూపీఐకి పెట్టుకోండి. పోతే పోయేది ఇంతే అనే భరోసా వోచర్‌లో ఎంత ఉందో ఇందులోనూ అంతే ఉంది. పైగా గడువు తీరడం, చిల్లర మిగిలిపోవడం లాంటి తలనొప్పులు లేవు. ఖాతా ఉన్న పెద్దవాళ్లకు నేను వోచర్ కన్నా దీన్నే ముందు చెబుతాను.

కార్డు ఉండీ భయపడేవాళ్లకు కూడా రెండు మాటలు. 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో షాపింగ్ సైట్లు మీ కార్డు నంబరును తమ దగ్గర దాచుకోవడానికి వీల్లేదు. దాని బదులు టోకెన్, అంటే అసలు నంబరు స్థానంలో వాడే మారు కోడ్, మాత్రమే ఉంటుంది. ఆన్‌లైన్ వాడకాన్ని ఆపేయడానికి, దానికి హద్దు పెట్టుకోవడానికి బ్యాంకు యాప్‌లోనే స్విచ్ ఉంటుంది. కొనే ఐదు నిమిషాలు తెరిచి, మళ్లీ మూసేయొచ్చు.

వోచర్లన్నీ ఒకటి కావు

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే తప్పు రకం కొని ఇరుక్కునేవాళ్లూ ఉన్నారు.

ఒక షాపు తన సరుకు కోసమే ఇచ్చే కార్డు ఒక రకం. బట్టల షాపు, నగల షాపు ఇచ్చేవి ఇలాంటివి కావచ్చు. తన దగ్గరే చెల్లే కార్డు ఇవ్వడానికి ఆ షాపుకు రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. అంటే గడువు, షరతులు చాలావరకు షాపు రాసుకున్నవే. షాపు మూతబడితే ఆ కార్డుకు విలువ లేదు. వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవకుండా ఇలాంటివి కొనకండి.

రెండో రకాన్ని రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థ జారీ చేస్తుంది. పెద్ద షాపింగ్ సైట్ల గిఫ్ట్ కార్డుల వెనక చాలాసార్లు ఇలాంటి సంస్థే ఉంటుంది. జారీ చేసింది ఎవరన్నది కార్డు మీదో, మెయిల్ అడుగునో రాసి ఉంటుంది. వీటికి నియమాలు గట్టిగానే ఉన్నాయి. ఒక్కో గిఫ్ట్ కార్డు విలువ 10,000 రూపాయలు దాటకూడదు. అయిపోయాక మళ్లీ నింపడానికి వీల్లేదు. అందులోని డబ్బును నగదుగా తీసుకోవడం, ఇంకొకరి ఖాతాకు పంపడం కుదరదు. కనీసం ఏడాది గడువు ఉండాలి. గడువు తీరబోతోందని ముందుగా గుర్తు చేయాల్సిన బాధ్యత కూడా జారీ చేసినవాళ్లదే. గడువు దాటిపోయినా వెంటనే ఆశ వదులుకోకండి, పునరుద్ధరించమని వాళ్లను అడగండి.

మూడోది గూగుల్ ప్లే, యాపిల్ లాంటి వాటి కోడ్‌లు. యాప్‌లు, ఆటలు, సబ్‌స్క్రిప్షన్ల కోసం. బీజీఎంఐ అనే ఫోన్ ఆటలో యూసీ (ఆ ఆటలో చెల్లే డబ్బు) కొనుక్కోవాలని పిల్లలు అడిగేది వీటి కోసమే. ఇవి దేశానికి కట్టుబడి ఉంటాయి. ఇండియాలో కొన్న గూగుల్ ప్లే కోడ్ ఇండియా ఖాతాలోనే పడుతుంది. డల్లాస్‌లో ఉన్న బాబాయి అక్కడ కొని పంపిన కోడ్ ఇక్కడి ఫోన్‌లో ఎక్కదు. పండక్కి పిల్లలకు పంపాలనుకునే ఎన్నారై చుట్టాలకు ఈ మాట ముందే చెప్పండి.

ఈ-రూపీ పేరు కూడా వినే ఉంటారు. 2021 ఆగస్టు 2న మొదలైన ఈ వోచర్ ఎస్సెమ్మెస్‌గానో క్యూఆర్ కోడ్‌గానో ఫోన్‌కు వస్తుంది. కార్డూ యాపూ అక్కర్లేదు. కానీ అది ఎవరికి ఇచ్చారో వాళ్లకే, ఏ పనికి ఇచ్చారో ఆ పనికే. సొంత ఆన్‌లైన్ షాపింగ్‌కు దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

కొనేటప్పుడు కళ్లెదుట జరిగేది

మన ఊళ్లలో గూగుల్ ప్లే కోడ్ ఎక్కువగా దొరికేది ఫోన్ రీచార్జి చేసే షాపులోనే. షాపాయన తన యాప్ తెరిచి, మీ నంబరూ మొత్తమూ కొట్టి, నగదు తీసుకుంటాడు. కోడ్ మీ ఫోన్‌కు ఎస్సెమ్మెస్‌లో రావాలి. కాగితం మీద రాసిస్తానంటే వద్దనండి. ఆ కోడ్ ఇంకెవరి కంటా పడకూడదు. మెసేజ్ వచ్చాక షాపు దగ్గరే నిలబడి ఎక్కించేయండి: ప్లే స్టోర్‌లో కుడివైపు పైన మీ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్తే రిడీమ్ కోడ్ కనబడుతుంది. అంతకన్నా ముందు ఆ బొమ్మ ఎవరి ఖాతాదో చూడండి. ఇంట్లో ఒకే ఫోన్‌లో నాన్న ఖాతా, కొడుకు ఖాతా రెండూ ఉంటాయి. డబ్బు ఒక దాంట్లో పడితే ఇంకో దాంట్లోకి మార్చడం కుదరదు. తేడా వస్తే అడగడానికి షాపాయన ఫోన్‌లో లావాదేవీ నంబరు ఉన్న తెరను ఫోటో తీసుకోండి. అందులో కోడ్ కనబడకుండా చూసుకోండి.

సూపర్ మార్కెట్‌లో అట్ట కార్డు కొంటే వెనకాల గోకే పూత చూడండి. గీతలున్నా, స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉన్నట్టనిపించినా పక్కన పెట్టేయండి. కౌంటర్‌లో స్కాన్ చేసి బిల్లు కొడితేనే చాలా కార్డులు పనిచేయడం మొదలుపెడతాయి. కాబట్టి బిల్లు లేకుండా బయటికి రావద్దు, కోడ్ ఎక్కేదాకా దాన్ని పారేయవద్దు.

టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాలో "వెయ్యి రూపాయల కార్డు ఏడు వందలకే" అని అమ్మేవాళ్లుంటారు. దొంగిలించిన కార్డులతో కొన్న కోడ్‌లు ఇలాగే చేతులు మారుతుంటాయి. అసలు కార్డు యజమాని ఫిర్యాదు చేస్తే ఆ కోడ్ రద్దు కావచ్చు. డబ్బులు పోవడంతో పాటు మీ షాపింగ్ ఖాతా కూడా ఆగిపోవచ్చు. పండగ ఆఫర్లలో సైటు తానే ఇచ్చే కొద్దిపాటి తగ్గింపు వేరు, ఇది వేరు.

ఇంకొకటి, ఎంతకు కొనాలి? మీరు కొనబోయే వస్తువు ధర 537 రూపాయలైతే 500 కార్డు కొంటే 37 తక్కువ. వెయ్యిది కొంటే 463 మిగిలి, మళ్లీ అక్కడే ఏదో ఒకటి కొనేలా చేస్తుంది. ధర చూసుకుని, అంత మొత్తానికే ఈ-గిఫ్ట్ కార్డు తీసుకోండి. చాలా సైట్లలో మొత్తం మీరే రాసుకోవచ్చు. వస్తువు తిరిగి ఇచ్చేస్తే డబ్బు నగదుగా రాదని, అదే సైటులో బ్యాలెన్స్‌గా పడుతుందని కూడా గుర్తుంచుకోండి. తిరిగి ఇచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న బట్టలు, చెప్పులు లాంటివి వోచర్‌తో కొనకపోవడమే మంచిది.

వాలెట్ సంగతి

వాలెట్ అంటే ఫోన్ యాప్‌లో ముందే డబ్బు వేసి ఉంచుకునే పర్సు లాంటిది. వోచర్‌కూ దానికీ తేడా ఏమిటంటే, వాలెట్ మీ పేరు మీద ఉంటుంది. ఫోన్ నంబరు ఓటీపీతో, పేరు, ఒక గుర్తింపు కార్డు నంబరు చెప్పి చిన్న వాలెట్ తెరుచుకోవచ్చు. అందులో ఎప్పుడూ 10,000 రూపాయలకు మించి ఉండకూడదు, నెలలో అంతకు మించి వేయకూడదు, ఏడాదికి 1,20,000 హద్దు. దాంతో కొనడమే తప్ప నగదు తీయడం, ఇంకొకరికి పంపడం ఉండదు. పూర్తి కేవైసీ (గుర్తింపు పత్రాల తనిఖీ) చేయించుకుంటే 2,00,000 వరకు ఉంచుకోవచ్చు, యూపీఐ చెల్లింపులకూ వాడుకోవచ్చు.

భద్రత విషయంలో వాలెట్ వోచర్ కన్నా స్పష్టంగా మెరుగు. మీకు తెలియకుండా, మీ తప్పు లేకుండా వాలెట్ నుంచి డబ్బు పోతే, మూడు రోజుల్లోపు కంపెనీకి తెలియజేస్తే మీకు నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు నియమం. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే మీరు భరించేది 10,000 లేదా పోయిన మొత్తం, ఏది తక్కువైతే అది. ఓటీపీ మీరే చెప్పేస్తే మాత్రం ఈ రక్షణ వర్తించదు. కాబట్టి వాలెట్ వాడేవాళ్లు ఎస్సెమ్మెస్‌లు చదవకుండా వదిలేయకూడదు.

అలాగని పొదుపు డబ్బు అందులో పెట్టుకోకండి. వాలెట్‌లో ఉన్నదానికి వడ్డీ రాదు. 2024లో పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టినప్పుడు, మార్చి 15 తర్వాత ఆ వాలెట్లలో కొత్తగా డబ్బు వేయడం ఆగిపోయింది. ఉన్న బ్యాలెన్స్ వాడుకోనిచ్చారు. అయినా ఆ కొన్ని వారాలు జనం పడిన కంగారు అందరం చూశాం. వారం పది రోజుల ఖర్చుకు సరిపడా వేసుకుంటే చాలు.

తెలియని షాపుకు, ఫీజులకు, పిల్లలకు

కొత్త సైటు, ఇన్‌స్టాలో కనబడిన చీరల పేజీ, ధర నమ్మశక్యం కానంత తక్కువ. ఇలాంటి చోట నా ఓటు క్యాష్ ఆన్ డెలివరీకే. ఆ సౌకర్యం ఇవ్వకుండా ముందే కట్టాలంటే, అందులోనూ వోచర్ కోడ్‌గానే కట్టమంటే, ఆ చీర మర్చిపోండి. క్యాష్ ఆన్ డెలివరీలోనూ జాగ్రత్త కావాలి. మీరు ఆర్డర్ పెట్టని పార్శిల్ ఇంటికొస్తే డబ్బిచ్చి తీసుకోకండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే "మీ అబ్బాయి తెప్పించాడు" అనగానే వాళ్లు ఇచ్చేస్తారు. తెరిచి చూపించి ఇచ్చే డెలివరీ ఉంటే అదే ఎంచుకోండి.

కరెంటు బిల్లు, ధ్రువపత్రం ఫీజు, ఈఏపీసెట్ దరఖాస్తు ఫీజు లాంటి వాటికి షాపింగ్ వోచర్ అసలు పనికిరాదు. నగదే ఉంటే మీసేవ కేంద్రానికి వెళ్లండి. ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయాలూ ఉన్నాయి. రసీదు చేతికొస్తుంది, తర్వాత గొడవ వస్తే చూపించడానికి ఆధారం ఉంటుంది. నెట్ సెంటర్‌లో వేరేవాళ్ల కార్డుతో కట్టించుకుంటే, ఫీజు రెండుసార్లు పోయినప్పుడు రీఫండ్ ఆ కార్డు యజమానికే వెళ్తుంది. సీటు కోసం పరుగులు పెట్టే రోజుల్లో అది పెద్ద చిక్కు.

కాలేజీ పిల్లలకు, ఖాతా వాడని అమ్మానాన్నలకు యూపీఐ సర్కిల్ చూడండి. 2024లో వచ్చింది. మీ ఖాతా నుంచి వాళ్లు తమ ఫోన్‌తో కట్టుకోవచ్చు. పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000, ఒక్కసారికి 5,000 హద్దు. లేదంటే ప్రతి చెల్లింపుకూ మీరే పిన్ కొట్టి ఒప్పుకునేలా పెట్టుకోవచ్చు. మీ యాప్‌లో ఆ సౌకర్యం ఉందో లేదో చూసుకోండి. అమ్మకు గిఫ్ట్ కార్డు కోడ్ ఎక్కించడం నేర్పడం కన్నా ఇది చాలా సులువు. ఆటల కోసం అడిగే చిన్న పిల్లలకైతే ప్లే కోడ్ మంచిదే. వంద రూపాయలు ఇచ్చి, అయిపోతే అయిపోయింది అనొచ్చు. నాన్న యూపీఐ పిన్ వాళ్లకు తెలియడం కన్నా నూరు పాళ్లు నయం. డబ్బు పందెం కట్టే ఆటలు మాత్రం వేరే సంగతి. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి వాటి మీద నిషేధం ఉంది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. వోచర్‌తో కడితే ఎవరికీ తెలియదని చెప్పి పిల్లల్ని అటు లాగే ప్రకటనలను అస్సలు నమ్మకండి.

జర్మనీ చదువులకు వెళ్లిన మనవాళ్లు అక్కడి పెట్రోలు బంకుల్లో, చిన్న షాపుల్లో పేసేఫ్‌కార్డ్ అని చూస్తారు. 2000లో వియన్నాలో మొదలైన ఇది 16 అంకెల పిన్‌తో నడుస్తుంది. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచేదాకా ఫోన్‌లో ఆడే ఆట గానీ, సబ్‌స్క్రిప్షన్ గానీ కొనడానికి పనికొస్తుంది. ఆ పిన్‌ను ఫోన్‌లో ఎవరికీ చదివి వినిపించకూడదు.

కోడ్ అడిగినవాడు మోసగాడే

వోచర్‌తో కొనడం ఒకటి, వోచర్‌తో ఎవరికో డబ్బు కట్టడం ఒకటి. రెండోది ఎప్పుడూ చేయకూడదు. మీ పై అధికారి ఫోటో, లేదా జిల్లా కలెక్టర్ ఫోటో డీపీగా పెట్టిన కొత్త నంబరు నుంచి వాట్సాప్ వస్తుంది. "మీటింగ్‌లో ఉన్నాను, మాట్లాడలేను. అర్జంటుగా పది గిఫ్ట్ కార్డులు కొని కోడ్‌లు పంపండి, సాయంత్రం ఇచ్చేస్తాను." ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు, సార్‌కు కాదనలేక, పంపేస్తారు. అమెరికాలో చదువుకునే మన పిల్లలకు ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి అని, పన్నుల శాఖ నుంచి అని ఫోన్లు వస్తాయి. గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పకపోతే అరెస్టు చేస్తామంటారు. ఏ దేశంలోనూ ఏ ప్రభుత్వ ఆఫీసూ గిఫ్ట్ కార్డుల్లో డబ్బు వసూలు చేయదు. అధికారి పేరుతో మెసేజ్ వస్తే ఆయన పాత నంబరుకు ఫోన్ చేయండి, ఆఫీసులో పక్కవాళ్లను అడగండి. ఆయన కోప్పడతారేమోనని వెనకాడకండి.

కోడ్ పంపేశాక అనుమానం వస్తే గంటలు కాదు, నిమిషాలు ముఖ్యం. కోడ్ ఇంకా వాడి ఉండకపోతే వెంటనే మీ ఖాతాలోనే ఎక్కించేసుకోండి, అంతటితో అది వాళ్లకు పనికిరాదు. వాడేసి ఉంటే కార్డు జారీ చేసిన సంస్థ కస్టమర్ కేర్‌కు చెప్పి ఆ బ్యాలెన్స్ ఆపమనండి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. చాట్ చెరిపేయకండి, కొన్న రసీదు, కోడ్ వచ్చిన మెసేజ్, అవతలి నంబరు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. మోసం కాకుండా, కార్డు పనిచేయకపోవడం, వాలెట్ డబ్బు కనబడకపోవడం లాంటి ఇబ్బంది అయితే ముందు జారీ చేసిన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న సంస్థ అయితే అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. వివరాలకు రిజర్వు బ్యాంకు నంబరు 14448కి ఫోన్ చేయండి. ఫిర్యాదుకు రుసుమేమీ లేదు.